ముక్కు లేని కెటిల్

వెనక గది, హీటరు పక్కన
చలి మొదలైన వారం

వదినగారికి,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. రెండుసార్లు కాగితం తీసి, రెండుసార్లూ సొరుగులో పెట్టేశాను. మూడోసారి చలికి పెన్ను రాయనని మొండికేసింది. హమ్మయ్య, వంక దొరికిందనుకునే లోపు అమ్మాయి మంచం మీద నుంచే, "హీటరు దగ్గర పట్టుకో నాన్నా, అదే రాస్తుంది" అంది. ఈ ఇంట్లో నాకు వంకలు కూడా మిగలనివ్వరు.

ఫోను చెయ్యచ్చుగా అంటారు. మీరు ఫోన్లో మాట్లాడితే వంటింట్లో గిన్నెలు కదులుతాయి. అమ్మాయి మంచానికీ ఫోనుకీ మధ్య ఉన్నది ఒక్క చెక్క గోడ, అదీ నేను కొట్టిందే, అందుకని సందులున్నాయి. నేను చెప్పాల్సిందేమో తను వినకూడనిది. తనకేమో మీకు ఊలు కోసం రాస్తున్నానని చెప్పాను. అదీ అబద్ధం కాదు, కిందికొస్తే తెలుస్తుంది.

విషయం ఇది. అమ్మాయి మళ్ళీ కడుపుతో ఉంది. మీకు ముందే చెప్పలేదని కోపం తెచ్చుకోకండి, నాకే మొన్న మొన్న చెప్పారు. డాక్టరమ్మ మంచం దిగొద్దంది. బాత్‌రూముకి తప్ప లేవకూడదు, ఈ చలికాలం గట్టెక్కితే గండం గడిచినట్టేనంది. పోయిన చలికాలం ఆస్పత్రికి ముగ్గురం వెళ్ళి ముగ్గురమే తిరిగొచ్చాం. మీరు అల్లి, స్వయంగా పట్టుకొచ్చిన ఆ లేతపసుపు స్వెట్టరు కవరులోంచి తియ్యకుండానే పెట్టెలోకి వెళ్ళింది. మీకు గుర్తు చెయ్యాల్సిన పని లేదు, ఆ పెట్టె మూసింది మీరే.

అందుకని ఈసారి అమ్మాయి ఇంట్లో ఒక నియమం పెట్టింది. ముందుగా ఏదీ కొనకూడదు, కుట్టకూడదు, సర్దకూడదు, పేరు అనుకోకూడదు. ఆ మాట కూడా ఎత్తకూడదు. మేము 'ఆ విషయం' అంటాం. అల్లుడు అది కూడా అనడు. లిఫ్టులు బాగుచేసి బాగుచేసి, తలుపులు సరిగ్గా మూసుకున్నాయని తేలేదాకా మాట్లాడకపోవటం అలవాటైంది అతనికి.

రోజంతా కప్పు వంక చూస్తూ పడుకుంటుంది. నేను వార్తలు చదివి వినిపిస్తాను. వార్తల్లో ధైర్యం చెప్పేవి తక్కువని మీకు తెలుసు కదా. నిన్న తనే అంది, చేతులకి ఏదైనా పని కావాలి, పెద్దమ్మని అడిగి అల్లిక నేర్పించమను అని. మీరు ఉత్తరంలో నేర్పండి. నేను నేర్చుకుని తనకి నేర్పుతాను. నవ్వకండి.

అన్నట్టు, నా బస్సులో ఒకావిడ ఎక్కేది. నా సీటు వెనకే కూర్చుని అల్లుకుంటూ ఉండేది. అద్దంలో మొహం కనపడేది కాదు, సూదుల చప్పుడు మాత్రం వినపడేది. ఆ చప్పుడుకి నేను ఎంత అలవాటుపడ్డానంటే, మధ్యలో ఆగితే చాలు, నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయేది. ఒకసారి ఉండబట్టలేక, ఏం అల్లుతున్నారమ్మా అన్నాను. "ఏమో, ఆపినప్పుడు తెలుస్తుంది" అంది. చలికాలం అయిపోగానే ఎక్కటం మానేసింది. ఏం అల్లిందో నాకు ఇప్పటికీ తెలీదు.

మా ఇంట్లో ఇప్పుడు ఏ చప్పుడూ లేదు వదినా. అందుకని అడుగుతున్నాను. ఊలూ సూదులూ పంపండి. ఏదైనా సరే, ఆ విషయానికి సంబంధం లేనిది.

మీ మరిది


కొట్టులో, బొత్తాల సొరుగుల ముందు

మరిదికి,

నీ ఉత్తరం చదవటానికి రెండు టీలు పట్టింది. విషయం నాలుగు ముక్కలు, మిగతాదంతా బస్సు.

రెండు జతల సూదులు పంపుతున్నాను. ఒక జత నీకు, ఒక జత అమ్మాయికి. ఊలు బూడిదరంగుది. మెత్తటిది చూసి పంపాను, గుచ్చుకోదు. కెటిల్‌కి గుచ్చుకుంటే ఏమిటని అడక్కు. నువ్వు అడిగే రకమే.

అవును, కెటిల్‌కి తొడుగు అల్లండి. టీ చల్లారకుండా ఉంటుంది. నువ్వు రిటైరైన రోజున డిపోలో ఇచ్చిన ఒంటిమనిషి కెటిల్ ఉందిగా, నారింజపండు కన్నా కాస్త పెద్దది, సరిగ్గా ఆ కొలతకే అల్లాలి. పెద్ద కెటిల్‌కి వద్దు. కింద అంచు సాగేలా ఉండాలి, అంటే ఒక కుట్టు సూటిగా, ఒక కుట్టు తిరగేసి. మిగతాదంతా సూటిగా అల్లుకుంటూ పోవటమే. పైకొచ్చాక కుట్లు తగ్గించుకుంటూ వెళ్ళి, మిగిలినవాటిని ఒక్క దారంతో దగ్గరికి లాగి ముడి వెయ్యాలి. ముడి లోపలివైపు రావాలి, గట్టిగా ఉండకూడదు. బొమ్మలు గీసి పెట్టాను. చదువుకోలేదని ఎప్పుడూ గొప్పగా చెప్పుకుంటావుగా, బొమ్మలు చూసి నేర్చుకో.

నేను రాలేను. ఇది నాకు సీజను. చలికాలం నాలుగు ఉండలు అమ్ముకోకపోతే ఎండాకాలం ఈగలు తోలుకోవాలి.

అమ్మాయిని నడుం కింద దిండు పెట్టుకుని కూర్చోమను. ఎంతసేపు లేచి కూర్చోవచ్చో డాక్టరుని అడిగాకే.

నీ వదిన


వెనక గది
మంచు కురిసిన మర్నాడు

వదినగారికి,

నేను అల్లాను. ఈ మాట రాయటానికి నేను ఎంత ఆగానో మీకు తెలీదు.

మొదటి రోజు సూదులు పట్టుకుంటే స్టీరింగు పట్టుకున్నట్టు పట్టుకున్నానట. అమ్మాయి అంది. రెండో రోజు కుట్లు జారాయి. నేను వాటి వెనకాల పడ్డాను, అవి ఇంకా కిందికి జారాయి. దిగిపోయే ప్రయాణికుల్ని ఆపాలని చూస్తే ఇంతే అని వదిలేశాను. మూడో రోజు నుంచి చేతికి వచ్చింది. ఇప్పుడు నేనూ అమ్మాయీ పొద్దున్న కాఫీ అయ్యాక మొదలుపెడితే మధ్యాహ్నందాకా టకటకా టకటకా. పక్కింటాయన తలుపు తట్టి, టైపింగు నేర్చుకుంటున్నారా అని అడిగి పోయాడు.

మీరు ఒక సంగతి మర్చిపోయారు. కెటిల్‌కి ముక్కు ఉంటుంది, పిడి ఉంటుంది. మీ బొమ్మల్లో వాటికి దారే లేదు. పాపం, పెద్దావిడ, కొట్టు హడావిడిలో మర్చిపోయి ఉంటుందని నా సొంత తెలివితో అటొక చిల్లు, ఇటొక చిల్లు వదిలి అల్లాను. డిపో కెటిల్‌కి తొడిగితే అచ్చు కొలతకి సరిపోయింది. ముక్కు ఒక పక్క, పిడి ఒక పక్క బయటికొచ్చి, టోపీ పెట్టుకున్న కండక్టరులా ఉంది. టీ కూడా నిజంగానే చల్లారలేదు.

అమ్మాయి తనదాన్లో చిల్లులు పెట్టలేదు. చుట్టూ మూసుకుంటూ పోతోంది. ఇలా అయితే ముక్కు ఎక్కడి నుంచి వస్తుందమ్మా అన్నాను. తను తలెత్తకుండా, "నా కెటిల్‌కి ముక్కు లేదు నాన్నా" అంది.

అప్పుడు అర్థమైంది నాకు. మీకు మొదటి నుంచీ తెలుసు, తనకి పార్సిలు విప్పగానే తెలుసు, మధ్యలో నేనొక్కణ్ణే కెటిల్ కొలతలు తీసుకుంటూ తిరిగాను. వంటింట్లోకి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చాను. మళ్ళీ సూదులు పట్టుకున్నాను. నియమం నియమమే కదా.

ఇంకోటి వినండి. అల్లుడు షెడ్డులో కూరగాయల పెట్టె చేస్తున్నాడు. నున్నగా, అంచులు గుండ్రంగా, చేత్తో రాస్తే ఎక్కడా గీరుకోదు. మొన్న చూద్దును కదా, దాని అడుగున రెండు వంపు తిరిగిన కాళ్ళు. నేను కళ్ళజోడు సర్దుకుని, "కూరగాయల పెట్టెకి ఊగే కాళ్ళెందుకు నాయనా?" అన్నాను.

"వంటింటి నేల సమంగా లేదు మామయ్యా" అన్నాడు.

లిఫ్టు మనిషి, నేల సమంగా ఉందో లేదో అతనికి తెలిసినంత మనకేం తెలుస్తుంది. అవునవునన్నాను.

ఇక్కడ అంతా బాగానే ఉంది. ఊలు ఇంకో ఉండ పంపండి. అంతా బాగానే ఉంది.

మీ మరిది


కొట్టులో

మరిదికి,

'అంతా బాగానే ఉంది' అని ఒకసారి రాస్తే నమ్మేదాన్ని. రెండుసార్లు రాశావు. రెండోది కాగితం చిరిగేంత నొక్కి రాశావు.

మీ అన్నయ్య చనిపోయిన వారం కూడా నువ్వు ఇలాగే రాశావు నాకు. నువ్వు మాటకారివి కానీ అబద్ధం చెప్పటం రాదు. పెళ్ళై ఈ ఇంటికొచ్చినప్పుడు నువ్వు నా మోచేతి ఎత్తు ఉండేవాడివి. అప్పుడూ రాదు.

ఏం జరిగిందో రాయి. నిన్న ఒకావిడ నల్ల బొత్తాలడిగితే తెల్లవి కట్టిచ్చాను. ఇంకొకావిడకి చిల్లర ఇచ్చి సరుకు ఇవ్వటం మర్చిపోయాను. ఆవిడా అడగటం మర్చిపోయి వెళ్ళింది. ఇలా కొట్టు నడవదు. తెలియకపోతే నాకు ఇంకా కష్టం.

నీ వదిన


వెనక గది, అమ్మాయి నిద్రపోతుండగా

వదినా,

సరే.

మీకు కిందటి ఉత్తరం రాసే ముందు రోజు మధ్యాహ్నం, అమ్మాయి సూదులు పక్కన పెట్టి, "నాన్నా, ఆయన్ని పిలు" అంది. గొంతు మామూలుగానే ఉంది. దుప్పటి తీస్తే రక్తం. ఎక్కువ కాదు. కానీ ఎక్కువ కాదన్నది తర్వాత డాక్టరమ్మ చెప్పింది, ఆ క్షణంలో మాకెవరు చెప్తారు. అల్లుడు ఎక్కడో ఎత్తు మేడలో లిఫ్టు గోతిలో ఉన్నాడు, ఫోను అందలేదు. ఆస్పత్రి బండి వచ్చింది. దారిలో తను నా చెయ్యి పట్టుకోలేదు, బండి అంచు పట్టుకుంది. ఆ రోజూ మర్నాడూ అక్కడే ఉంచుకుని, గుండె చప్పుడు వినిపించి పంపారు. మీకు రాసింది ఆ తిరిగొచ్చిన సాయంత్రం. మంచు సంగతి, కండక్టరు టోపీ సంగతి అంతా నిజమే, మధ్యలో ఇదొక్కటి తీసేశాను.

ఆ గుండె చప్పుడు గుర్రం పరిగెడుతున్నట్టుంది. నేను డిగ్రీలు చదవలేదు గానీ బస్సు ఇంజను చప్పుడు విని మంచీ చెడూ చెప్పేవాణ్ణి. దీన్ని వింటే మాత్రం ఏమీ తెలియలేదు. బాగుందా అని అడిగితే బాగుందన్నారు. అందుకే మీకు రెండుసార్లు రాశాను. ఒకటి మీ కోసం, ఒకటి నా కోసం.

ఇంటికొచ్చాక అమ్మాయి బూడిదరంగుదాన్ని, అల్లినంతా లాగేసింది. ఇది వద్దు అంది. పెట్టె తెమ్మంది. ఏ పెట్టె అని నేను అడగలేదు.

మీ పసుపు స్వెట్టరు తీసి ఒళ్ళో పరుచుకుంది. చేతులు సర్దింది, మెడ దగ్గర బొత్తాం పెట్టింది, తీసింది. తర్వాత కత్తెరతో భుజం దగ్గర ఒక్క దారం కోసి లాగటం మొదలుపెట్టింది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి రెండు చేతులూ చాపమంది. ఆ దారం నా చేతులకి చుడుతూ పోయింది. నేను కదలకూడదు, మాట్లాడకూడదు. జన్మలో మొదటిసారి అంతసేపు మాట్లాడకుండా కూర్చున్నాను. తను ఏడవలేదు. ఒక చెయ్యి అయిపోయింది, రెండో చెయ్యి అయిపోయింది, వీపు అయిపోయింది. చివరికి బొత్తాలు మిగిలాయి. వాటిని నా జేబులో వేసి, టీ పెడతావా అంది.

ఇప్పుడు ఆ ఊలు గుత్తిగా కుర్చీకి వేలాడుతోంది. అంతా వంకర్లు తిరిగి ఉంది, ఏ వరసలో ఎలా వంగిందో అలాగే. దానికి నా కన్నా జ్ఞాపకం ఎక్కువ. దీన్ని ఎలా సాపు చెయ్యాలో చెప్పండి, తను అడగమంది. మీకు బాధగా ఉంటే చెప్పకండి. ఇంకో దారి చూస్తాను.

మీ మరిది


కొట్టు మూసిన తర్వాత, లోపలి గదిలో

మరిదీ,

బాధ ఏమీ లేదు. నేను అల్లినవాటిలో సగం ఎవరో ఒకరు విప్పుకున్నవే.

గుత్తికి నాలుగు చోట్ల వదులుగా దారం కట్టు, చిక్కుపడకుండా. గోరువెచ్చటి నీళ్ళలో కాస్త సబ్బు వేసి నానబెట్టు. రుద్దకు. పిండకు. తువ్వాల్లో చుట్టి నొక్కు, చాలు. తర్వాత కొక్కేనికి వేలాడదీసి, కింద బరువు కట్టు. నీ డిపో కెటిల్ నీళ్ళతో నింపి కడితే సరిపోతుంది. ఆరేసరికి వంకర్లు పోతాయి. పూర్తిగా పోవు. మళ్ళీ అల్లితే కనపడవు.

ఇప్పుడు నా సంగతి. సీజను అని రాశాను. సీజనే. కానీ కొట్టు చూసుకోవటానికి పక్క కొట్టు ఆవిడ ఉంది, అడిగితే కాదనదు. రాకపోవటానికి కారణం అది కాదు.

పోయినసారి మీరెవరూ అడక్కుండానే నేను ఆ స్వెట్టరు అల్లుకుని, ముందుగా పట్టుకొచ్చాను. అందరికీ చూపించాను. బస్సులో పక్కన కూర్చున్న ఆవిడకి కూడా చూపించాను. నేనొచ్చిన నాలుగో రోజు అలా అయింది. ఇలాంటివి నేను నమ్మను అని నీకు తెలుసు. నమ్మకపోయినా కాళ్ళు కదలటం లేదు. మొన్న టికెట్టు కొన్నాను. స్టాండులోనే తిరిగి ఇచ్చేశాను. కౌంటర్లో అబ్బాయి, ఏం అమ్మమ్మా మర్చిపోయారా అన్నాడు. అవునన్నాను.

నేను రాకపోతేనే మంచిది. అన్నీ తిన్నగా జరిగాక వస్తాను. నన్ను పిలవకు.

వదిన


వెనక గది

వదినా,

మీరు పిలవకు అన్నారు కాబట్టి నేను పిలవటం లేదు. అమ్మాయి అన్నది మాత్రం రాస్తున్నాను.

మీ ఉత్తరం నేను దాచాను. దాచింది తన దిండు కిందే అని నాకు తట్టలేదు. ఆ గదిలో నేను దాచుకోవటానికి ఇంకేం చోటుంది. చదివింది. నేను కెటిల్‌లో నీళ్ళు నింపి ఊలుకి కడుతున్నాను, వెనక నుంచి అంది: "ఆ స్వెట్టరు వల్ల ఏమీ జరగలేదు నాన్నా. ఆ రోజు ఇంటికొచ్చాక నాకు మిగిలింది అదొక్కటే. దాన్ని విప్పుతున్నది కోపంతో కాదని పెద్దమ్మకి రాయి."

రాశాను.

ఊలు సాపుగా వచ్చింది. వంకర్లు ఎక్కడో ఒకటీ అరా. అమ్మాయి మళ్ళీ మొదలుపెట్టింది, పసుపుతో. ఈసారి కొంచెం పెద్దదిగా. నారింజ దాటి బత్తాయి సైజుకి వచ్చింది. ఇంత పెద్ద కెటిల్ మనింట్లో లేదే అన్నాను. వస్తుంది అంది. నియమానికి అంత దగ్గరగా వెళ్ళటం ఇదే మొదటిసారి. ఇద్దరం గబుక్కున వేరే మాటలోకి వెళ్ళిపోయాం. నేను నా బ్రేకులు ఫెయిలైన కథ ఎత్తుకున్నాను. ఆ కథ తను చాలాసార్లు విన్నది. చివర్లో బస్సు గడ్డివాములో ఆగుతుంది అని తెలిసి కూడా, ఆ చోటు వచ్చేసరికి సూదులు ఆపి నా వంక చూసింది.

తను పడుకున్నాక ఊపిరి తీస్తోందా లేదా అని చూస్తుంటాను. అల్లుడూ చూస్తాడు. నిన్న ఇద్దరం ఒకేసారి గుమ్మంలో తగులుకున్నాం. నేను కళ్ళజోడు కోసం వచ్చానన్నాను. అతను గోడ సమంగా ఉందో లేదో చూడటానికి వచ్చానన్నాడు.

డాక్టరమ్మ ఇంకొన్ని వారాలు లాగితే చాలంటోంది. కిటికీ అద్దం మీద నేను రోజూ పొద్దున్నే ఆవిరి తుడుస్తాను. చలి తగ్గుతుందేమో అని బయటికి చూస్తాను. తగ్గటం లేదు.

మీ మరిది


ఆస్పత్రి, వరండా బెంచీ
ఆదివారం

వదినా,

పుట్టింది. ఆడపిల్ల. ముందుగానే వచ్చేసింది. చాలా చిన్నది. అమ్మాయి బాగుంది. పాప సంగతి ఇంకా ఏమీ చెప్పటం లేదు.

పొద్దున్న నేను టీ కాచి, కెటిల్‌కి టోపీ తొడగబోతుంటే అల్లుడు లోపల్నుంచి ఒకే కేక వేశాడు. అతను కేక వెయ్యటం నేనెప్పుడూ వినలేదు. కంపెనీ వ్యానులో వెళ్ళాం. నిచ్చెనలు, తాళ్ళు, వాటి మధ్య పరుపు. పొగమంచు. నేను వెనక కూర్చుని తన తల ఒళ్ళో పెట్టుకున్నాను. అల్లుడు తోలాడు. ఎలా తోలాలో నేను ఒక్క మాట చెప్పలేదు.

లోపలికి తీసుకెళ్ళిన చాలాసేపటికి ఒక నర్సమ్మ తలుపు తీసి, పాప టోపీ ఇవ్వండి అంది. తల కప్పాలట, ఇంత చిన్నపిల్లలకి వేడంతా తల నుంచే పోతుందట. వాళ్ళ దగ్గరున్నవి మెడదాకా దిగిపోతున్నాయట. మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఏమీ తేలేదా అంది. ఇన్ని నెలలూ ఏం చేశారు అంది. ఇంట్లో ఒక్క గుడ్డ ముక్క సిద్ధంగా లేదని, అది మా నియమమని ఎలా చెప్పాలి. అమ్మాయి పసుపుది ఇంకా సూదుల మీదే ఉంది, పైన ముడి పడలేదు. అది ఇంట్లో ఉంది.

అప్పుడు చూసుకున్నాను. నా చేతిలో కెటిల్ టోపీ ఉంది. ఇంటి నుంచి అలాగే పట్టుకొచ్చాను. వ్యానులో అమ్మాయి నుదురు తుడిచింది కూడా దాంతోనే అనుకుంటాను.

"ఇది ఉంది" అన్నాను.

"ఏమిటిది?"

"కెటిల్‌ది."

ఆవిడ దాన్ని సాగదీసి చూసింది. అటు చిల్లు, ఇటు చిల్లు. ఇవెందుకు అంది. మెత్తటి ఊలే అన్నాను, గుచ్చుకోదు అన్నాను. తీసుకుని లోపలికి వెళ్ళింది. వేడినీళ్ళలో వేసి, ఆరబెట్టి తొడుగుతాం అంది.

సాయంత్రం అద్దంలోంచి చూపించారు. గాజుపెట్టెలో ఉంది. ఒళ్ళంతా గొట్టాలు. తల మీద నా టోపీ ఉంది, ముక్కు చిల్లులోంచి ఒక చెవి బయటికొచ్చింది. అల్లుడు ఆ చెవి వంకే చూస్తూ నిలబడ్డాడు.

రెండ్రోజులు గడవాలంటున్నారు. తర్వాత ఇంకో రెండ్రోజులు అంటారు కాబోలు.

మీకు ఏ కథా చెప్పలేకపోతున్నాను.

మరిది


కొట్టు బయట, మెట్ల మీద

మరిదీ,

తాళం వేశాను. తాళంచెవి పక్క కొట్టు ఆవిడకి ఇచ్చాను. బస్సులు పొగమంచుకి ఆలస్యంగా నడుస్తున్నాయట. ఎప్పుడొస్తే అప్పుడు వస్తాను.

చేతులూపుకుంటూ వస్తున్నాను. ఒక్క ఉండ కూడా తేవటం లేదు. సంచిలో నా చీరలూ మందులూ తప్ప ఏమీ లేవని ముందే చెప్తున్నాను. అమ్మాయికి చెప్పు.

ఆ చిల్లులు నేనే గీసి ఉండాల్సింది.

వదిన


ఇల్లు, వంటింటి బల్ల

వదినా,

పోస్టులో వెయ్యటం లేదు. ఇది రాసి బల్ల మీద పెడతాను, మీరొచ్చాక మీ చేతికే ఇస్తాను. మీ బస్సు పొగమంచులో పడి ఎక్కడో ఆగిందని, మేము ఇంట్లో లేకపోతే పక్కింటికి ఫోనొచ్చింది. మీ గొంతే అట, ఫోను లేకపోయినా వినపడేదన్నాడు ఆయన. మీరొచ్చేదాకా ఆగలేను. ఎవరికైనా చెప్పాలి.

ఇన్ని రోజులూ ఆ వరండా బెంచీ మీదే ఉన్నాను. అక్కడ ఒకావిడ అల్లుకుంటూ కూర్చునేది. వాళ్ళ మనవడు లోపల ఉన్నాడు. ఏం అల్లుతున్నారని నేను అడగలేదు. ఆవిడ సూదులు ఆపితే అందరం తలుపు వంక చూసేవాళ్ళం.

ఇవాళ పొద్దున్న అల్లుడు టీ తేవటానికి కిందికి వెళ్ళాడు. తలుపు తెరుచుకుంది. అదే నర్సమ్మ. ఎవరి కోసమో చూస్తున్నట్టు చూసి, నా వైపు వచ్చింది. ఆవిడ చేతిలో నా టోపీ ఉంది. ఉతికి, నాలుగు మడతలు వేసి ఉంది. ఖాళీగా.

నేను లేచాననుకున్నాను. లేవలేదట. పక్కన అల్లుకునే ఆవిడ నా భుజం పట్టుకుంది. నర్సమ్మ ఏదో చెప్తోంది, పెదాలు కదులుతున్నాయి. అమ్మాయికి ఎవరు చెప్పాలి, నేనా అల్లుడా అనుకుంటున్నాను. పసుపుది సూదుల మీద అలాగే ఉండిపోతుంది అనుకుంటున్నాను. ఆవిడ రెండోసారి చెప్పింది, గట్టిగా.

"పెద్దాయనా, వింటున్నారా? ఇది పట్టటం లేదు. పాప తల పెరిగింది. కాస్త పెద్దది ఉంటే తెండి. గొట్టాలు కూడా తీసేశాం."

మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పింది. ఇంకోసారి అడిగేవాణ్ణే, పక్కావిడ విన్నాంలెండి అంది.

అమ్మాయి దగ్గరికి వెళ్ళి చెప్పాను. దిండు నిలబెట్టుకుని లేచి కూర్చుంది. తర్వాత, "నా సూదులు తీసుకురా నాన్నా" అంది. నేను ఇంటికొచ్చి సొరుగులోంచి పసుపుదాన్ని సూదులతో సహా తీసుకెళ్ళి ఇచ్చాను. మంచం మీద కూర్చుని కుట్లు తగ్గించుకుంటూ వెళ్ళి, మీరు గీసినట్టే చివర్లో ఒక్క దారంతో దగ్గరికి లాగింది. ముడి లోపలివైపే వచ్చింది. నర్సమ్మ తీసుకెళ్ళింది. అల్లుడు వ్యానులోంచి కూరగాయల పెట్టె తెచ్చి, ఇది లోపల పెట్టనిస్తారా అని అడిగాడు. కుదరదన్నారు. సరే ఇంట్లో పెడతానన్నాడు.

నన్ను కాసేపు పడుకోమని ఇంటికి పంపారు. డిపో కెటిల్ కడిగి, నీళ్ళు కాచి, టీ పోసి, దానికి నా టోపీ తొడిగాను. ముక్కు ముక్కు చోటికి వచ్చింది. కప్పులో పోసుకుని తాగాను. వేడిగానే ఉంది.